పాత ఇంగ్లీషు గద్యంలో ‘ఇన్‌ఫర్మ్’ క్రియగా ఎదురైతే ఎలా చదవాలి, ఎలా తెనిగించాలి

ఇంగ్లీషులో ‘ఇన్‌ఫర్మ్’ (infirm) అనే మాటను ఇవాళ విశేషణంగానే వాడుతున్నారు. వయసు మీదపడో జబ్బు చేసో ఒంట్లో సత్తువ లేకుండా పోయిన మనిషిని అలా అంటారు. నాన్‌బెయిలబుల్ కేసులో బెయిలు ఇవ్వడానికి మన చట్టం చూపిన మినహాయింపుల్లో ‘సిక్ ఆర్ ఇన్‌ఫర్మ్’ అన్నప్పుడు ఉన్నది ఈ విశేషణమే. అయితే ఇదే మాట ఒకప్పుడు క్రియగా కూడా ఉండేది. బలహీనపరచడం, పట్టు సడలేలా చేయడం, చెల్లుబాటుకు దెబ్బ తగిలేలా చేయడం దాని అర్థాలు. 1755లో అచ్చయిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ ఈ క్రియకు అర్థం చెప్పి, పక్కనే ‘వాడుకలో లేదు’ అని రాశాడు. అంటే ఆయన నాటికే అది మూలపడిన మాట. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు గద్యం చదివే సాహిత్య విద్యార్థికీ, దాన్ని తెలుగులోకి తేవాలనుకునే అనువాదకుడికీ, పాత సాక్ష్యశాస్త్ర గ్రంథాలు తిరగేసే న్యాయవాదికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. తగిలినప్పుడు ఏం చేయాలో వరుసగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు మీరు చూస్తున్నది నిజంగా ఈ మాటేనా అన్నది నిర్ధారించుకోండి. తెలియజేయడం అనే అర్థమున్న ‘ఇన్‌ఫామ్’ (inform) అనే మాటకూ దీనికీ ఇంగ్లీషు రాతలో ఒక్క అక్షరమే తేడా. పాత పుస్తకాలను స్కాన్ చేసి యంత్రంతో చదివించిన పాఠాల్లో ఒకటి రెండవదిగా మారిపోయే అవకాశం ఉంది. ఈ రెండింటినీ విడదీయడానికి ఒక తేలిక మార్గం ఉంది. తెలియజేసే క్రియకు సాధారణంగా మనిషి కర్మగా ఉంటాడు, ఆ వెంటనే ఏ విషయం తెలియజేశారో వస్తుంది. ‘ఇన్‌ఫర్మ్’ తరువాత మాత్రం దెబ్బతినే వస్తువు ఒక్కటి ఉంటే సరిపోతుంది. అనుమానం తీరకపోతే పాఠాన్ని పక్కన పెట్టి పుట బొమ్మనే తెరిచి చూడండి. ఆ కాలపు అచ్చులో పొడవాటి ‘ఎస్’ అక్షరం చూడటానికి ‘ఎఫ్’లాగే ఉంటుంది. ‘ఎఫ్’ నడిమి గీత నిలువు గీతకు రెండు పక్కలా సాగితే, పొడవు ‘ఎస్’కు ఎడమ పక్కన చిన్న ముక్క మాత్రమే ఉంటుంది, కొన్ని అచ్చుల్లో అదీ ఉండదు. యంత్రం ఈ రెండింటి మధ్య తికమకపడుతుంది కనుక, డిజిటల్ గ్రంథాలయాల్లో వెతికేటప్పుడు ‘ఎఫ్’ స్థానంలో ‘ఎస్’ పెట్టిన తప్పు రూపాన్ని కూడా వెతకండి. మాట చివర అదనంగా ‘ఇ’ (e) అక్షరం చేర్చిన పాత వర్ణక్రమాన్ని కూడా వదలకండి. 1475 నుంచి 1700 వరకు అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాల పాఠాలను చేతితో టైపు చేయించిన ‘ఎర్లీ ఇంగ్లీష్ బుక్స్ ఆన్‌లైన్’ భాండాగారంలో పెద్ద భాగం 2015 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఈ పనికి దానికి మించిన చోటు నాకు తెలిసి లేదు.

తరువాత అది విశేషణమా, క్రియా అన్నది తేల్చుకోండి. షేక్స్పియర్ నాటకంలో లేడీ మాక్బెత్ భర్త చేతిలోని బాకులను లాక్కుంటూ ‘ఇన్‌ఫర్మ్ ఆఫ్ పర్పస్’ అని ఈసడిస్తుంది. అక్కడ ఉన్నది విశేషణం. సంకల్పంలో గట్టితనం లేనివాడా అని ఆమె భావం. లియర్ రాజు తుఫానులో నిలబడి తనను తాను దుర్బలుడైన ముసలివాడినని చెప్పుకునే చోట ఉన్నదీ విశేషణమే. ‘టు’, ‘వుడ్’, ‘మే’ వంటి సహాయపదాల వెనుక వచ్చి, తన తరువాత ఒక నామవాచకాన్ని కర్మగా పట్టుకుంటే అప్పుడది క్రియ. ఇరవయ్యో శతాబ్దపు రాతల్లోనూ ఇవాళ్టి రాతల్లోనూ వృద్ధుల ప్రస్తావన వచ్చిన చోట ‘ఇన్‌ఫర్మ్డ్’ అని కనబడితే దాన్ని చూసి పాత క్రియ తిరిగి ప్రాణం పోసుకుందని సంబరపడకండి. విశేషణానికి అనవసరమైన తోక తగిలించడం వల్ల పుట్టిన రూపమది.

క్రియ అని తేలాక దాని చుట్టాలను ఒకసారి పరికించండి. లాటిన్‌లో ‘ఫిర్ముస్’ అంటే గట్టిది, స్థిరమైనది. దానికి ముందు లేమిని తెలిపే ఉపసర్గ చేరితే ‘ఇన్‌ఫిర్ముస్’, అంటే బలం లేనిది అవుతుంది. బలం లేకుండా చేయడాన్ని చెప్పే లాటిన్ క్రియ ‘ఇన్‌ఫిర్మారె’ నుంచి మన మాట వచ్చింది. ‘కన్‌ఫర్మ్’, ‘అఫర్మ్’ కూడా ఆ ఇంటివే. సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ‘కన్‌ఫర్మ్’ చేయాలి, కింది కోర్టు తీర్పును పై కోర్టు ‘అఫర్మ్’ చేయవచ్చు. గట్టిపరచే ఈ రెండు క్రియలూ మన కోర్టుల్లో రోజూ వినిపిస్తూ ఉంటే, వాటికి ఎదురుగా నిలవవలసిన మూడవది ఇంగ్లీషులో కాలం చేసింది. ఫ్రెంచిలో మాత్రం అది బతికే ఉంది. అప్పీలు కోర్టు కింది తీర్పును నిలబెడితే ‘కోన్ఫిర్మే’ అనీ, తోసిపుచ్చితే ‘అఁఫిర్మే’ అనీ ఫ్రెంచి న్యాయవాదులు ఈనాటికీ రాస్తారు. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నది కాబట్టి, అక్కడి పాత కోర్టు కాగితాలు చదివే తెలుగు పరిశోధకుడికి ఈ జంట తెలిసి ఉండటం అవసరం. ఆ కాగితాల్లో ఈ క్రియ కనబడితే అది రోగానికి సంబంధించిన మాట కాదు, తీర్పు తిరగబడిందని అర్థం.

చుట్టరికాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్లవచ్చో కూడా తెలియాలి. మద్రాసులో 1819లో మొదలైన కంటి ఆసుపత్రికి ‘ఐ ఇన్‌ఫర్మరీ’ అని పేరు. ఇన్‌ఫర్మరీ అంటే బలహీనులను ఉంచి చూసుకునే చోటు, బలహీనపరచే చోటు కాదు. రెండవ అర్థమే నిజమని వాదించే రోగులు ఏ కాలంలోనైనా ఉండవచ్చు గానీ అది వేరే సంగతి. మాట పుట్టుక అర్థం ఏ వైపుకు సాగిందో చూపుతుంది. ఎంత మేరకు సాగిందో, అంటే కొంచెం సడలిందో పూర్తిగా కూలిందో, వాక్యమే చెప్పాలి.

ఇక్కడే అసలు పని మొదలవుతుంది. ఈ క్రియ విషయంలో మీరు ఎక్కువసేపు ఆగవలసింది దాని కర్మపదం దగ్గర. దేన్ని బలహీనపరచారన్న ప్రశ్నకు జవాబు దొరికితే అర్థం ముప్పాతిక మేరకు తేలినట్టే. జాన్సన్ తన నిఘంటువులో ఈ మాటకు ఉదాహరణలుగా ఇచ్చిన వాక్యాలు ఇందుకు చక్కగా పనికివస్తాయి, ఎందుకంటే ఒకదానిలో శరీరం, మరొకదానిలో వాదన కర్మగా ఉన్నాయి.

మొదటిది నారిచ్ పట్టణపు వైద్యుడు థామస్ బ్రౌన్ 1646లో ప్రచురించిన గ్రంథంలోనిది. జనంలో పాతుకుపోయిన తప్పుడు నమ్మకాలను ఆయన ఆ పుస్తకంలో ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం గురించిన అధ్యాయంలో, శరీరపు ఎడమ వైపుకు ప్లీహం బలమిస్తుందన్న అభిప్రాయాన్ని ఆయన తోసిపుచ్చుతాడు. ఆ వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘ఎడమ పక్షానికి బలం చేకూర్చేది ప్లీహమని చెప్పడం న్యాయం కాదు, ఎందుకంటే అది ఉబ్బినప్పుడు ఆ పక్షాన్ని దుర్బలపరచి క్షీణింపజేయడమే జరుగుతుంది.’ ఇందులో ‘దుర్బలపరచి’ అన్న చోట మూలంలో ఉన్నది మన క్రియ.

ఈ వాక్యాన్ని దగ్గరగా చూడండి. నిఘంటువు చేతిలో లేకపోయినా అర్థం పట్టుకోవడానికి రెండు ఆధారాలు అందులోనే ఉన్నాయి. మొదటి సగంలో ‘ఇన్‌విగరేట్’, అంటే బలమివ్వడం, అన్న క్రియ ఉంది. రెండవ సగం ‘రాదర్’ అనే మాటతో దాన్ని తలకిందులు చేస్తోంది. కాబట్టి రెండవ సగంలోని క్రియ మొదటిదానికి విరుద్ధమై ఉండాలి. పైగా ‘ఇన్‌ఫర్మ్’ పక్కనే ‘డెబిలిటేట్’ అనే మరో క్రియను బ్రౌన్ జతచేశాడు. ఒకే భావాన్ని రెండు మాటల్లో జంటగా చెప్పడం ఆ కాలపు గద్యరచయితలకు బాగా అలవాటు. మనం ‘చిక్కి శల్యమైంది’, ‘అలసి సొలసి’ అన్నట్టే వారూ జంట కట్టేవారు. ఆ జంటలో ఒకటి తెలియని మాటైతే రెండవది దానికి వ్యాఖ్యానంగా పనిచేస్తుంది. వాడుక తప్పిన ఏ మాట ఎదురైనా ముందు దాని పక్కన జంటపదం ఉందా, వాక్యంలో ఎక్కడైనా విరుద్ధపదం ఉందా అని వెతకండి. ఉంటే మీ ఊహకు అక్కడే సాక్ష్యం దొరుకుతుంది, నిఘంటువు చేయవలసింది దాన్ని ఖాయం చేయడమే.

రెండవ ఉదాహరణ వాల్టర్ రాలీ పేరుతో జాన్సన్ ఇచ్చినది. కొందరు విపరీతబుద్ధులు ఒక ఆక్షేపణ తెచ్చి, అంతకుముందు చెప్పిన అంశాలన్నింటినీ ‘ఇన్‌ఫర్మ్’ చేయడానికి అదే చాలునంటారని ఆ వాక్యం తాత్పర్యం. ఇక్కడ కర్మ ‘అంశాలు’. అంశాలకు ఒళ్లు లేదు, జ్వరం రాదు. కాబట్టి ‘నీరసింపజేయడం’ అంటే తెలుగు పాఠకుడు నవ్వుతాడు. ఆ అంశాల్లో పస లేదని తేల్చడం, అవి నిలబడకుండా చేయడం అన్నదే సరిపోతుంది. మొదటి వాక్యానికీ దీనికీ మధ్య ఇంగ్లీషు క్రియ ఏమీ మారలేదు, మారింది కర్మ ఒక్కటే. అయినా తెలుగులో రెండు వేరు వేరు క్రియలు తప్పనిసరి అయ్యాయి.

మూడవ రకం కర్మ చట్టం, ఒప్పందం, తీర్పు, దస్తావేజు వంటివి. వీటి విషయంలో పాఠకుడు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. బలహీనపడిన ఒప్పందం ఇంకా ఒప్పందమే, చెల్లని ఒప్పందం ఒప్పందమే కాదు. రచయిత ఏది చెబుతున్నాడో తేల్చుకోవడానికి ఆ తరువాతి రెండు మూడు వాక్యాలు చదవండి. ఆ పత్రం మీద ఆధారపడి ఎవరైనా ఇంకా హక్కు అడుగుతున్నట్టు కనబడితే దాని బలం తగ్గింది తప్ప అది రద్దు కాలేదు. ఎవరూ దాని ఊసెత్తకుండా కొత్త ఏర్పాటు వైపు వెళితే అది చెల్లకుండా పోయిందని అనుకోవచ్చు.

ఈ పని చేశాకనే నిఘంటువులు తెరవమని నా సలహా. తెరిచేటప్పుడు కాలక్రమం పాటించండి. మొదట జాన్సన్, ఎందుకంటే మాట కనుమరుగవుతున్న కాలానికి దగ్గరగా ఉన్నవాడు ఆయన, అర్థంతో పాటు వాక్యాలూ ఇచ్చాడు. ఆ తరువాత అమెరికాలో వెబ్‌స్టర్ 1828లో తెచ్చిన నిఘంటువు, దాని వారసుడైన 1913 నాటి కూర్పు చూడండి. ఆ కూర్పులో కూడా రాలీ పేరే కనబడుతుంది. చివరగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దగ్గరకు వెళ్లండి. 1884లో భాగాలుగా వెలువడటం మొదలై 1928లో పూర్తయిన ఆ బృహత్కోశం వాడుక తప్పిన మాట ముందు చిన్న కటారు గుర్తు పెడుతుంది. నేటి మెరియం-వెబ్‌స్టర్ కోశాల్లో ‘ఆబ్సొలీట్’ అనే ముద్రకు కచ్చితమైన నిర్వచనం ఉంది: 1755 తరువాత వాడినట్టు ఆధారం దొరకని మాట లేదా అర్థం అని. ‘ఆర్కెయిక్’ అంటే ఒకప్పుడు విరివిగా ఉండి, నేడు అక్కడక్కడా ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే కనబడేది. తెలుగులో ఈ రెండింటినీ కలిపి ‘ప్రాచీన పదం’ అని రాసేస్తుంటారు. అలా రాస్తే చచ్చిపోయిన మాటకూ ముసలిదైన మాటకూ తేడా పోతుంది. ‘వాడుక తప్పిన పదం’, ‘అరుదైన పాత పదం’ అని విడిగా రాయండి.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులను కూడా చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో సీ.పీ. బ్రౌన్ కూర్చినదీ, ఆ తరువాత వచ్చిన శంకరనారాయణ నిఘంటువూ తెలుగు మాటల గనులు. అయితే విశేషణం దగ్గర ఇచ్చిన ‘దుర్బలమైన’, ‘అశక్తుడైన’ వంటి తెలుగు మాటలకు ‘పరచు’ తగిలించి క్రియ తయారైందనుకుని ముందుకు సాగకండి. వాదనను అశక్తపరచడం అని ఎవరూ అనరు.

తెలుగు మాట ఎంపిక దగ్గర మన భాష పేదది కాదు, పైగా ఇబ్బందిపెట్టేంత సంపన్నమైనది. ‘బలహీనపరచు’ అన్నిచోట్లా అతుకుతుంది, అందుకే దేనికీ సరిగ్గా సరిపోదు. శరీరం కర్మ అయితే ‘కుంగదీయు’, ‘క్షీణింపజేయు’ బాగుంటాయి. మనోధైర్యానికి కూడా ‘కుంగదీయు’ నప్పుతుంది. వాదన విషయంలో ‘పస లేకుండా చేయు’, ‘డొల్లతనం బయటపెట్టు’ అనవచ్చు. సాక్ష్యం విషయానికి వస్తే కోర్టు వార్తలు రాసే విలేకరుల దగ్గర మంచి మాటలున్నాయి. ‘కేసు వీగిపోయింది’ అంటారు, ‘సాక్ష్యంలో లొసుగులున్నాయి’ అంటారు, ‘కేసును నీరుగార్చారు’ అంటారు. ఈ మూడూ ఒకటి కాదు. వీగిపోవడం పూర్తి ఓటమి, పైగా అకర్మకం, కాబట్టి ‘వీగిపోయేలా చేయు’ అనవలసి ఉంటుంది. లొసుగు సాక్ష్యంలో ముందే ఉన్న లోపం, బయటివాడు కలిగించినది కాదు. నీరుగార్చడంలో ఎవరో కావాలని చేశారన్న ఆరోపణ ఉంది. థామస్ బ్రౌన్ వాక్యంలోని ప్లీహానికి దురుద్దేశం ఉండదు కాబట్టి అక్కడ ‘నీరుగార్చు’ వాడితే నవ్వులపాలవుతాం. రాలీ వాక్యంలోని విపరీతబుద్ధుల విషయంలో మాత్రం అది ఆలోచించదగ్గ మాటే. ‘సడలించు’ నిబంధనలకూ పట్టుకూ చెందుతుంది, దానిలో నింద లేదు సరికదా కొంత దయ కూడా ఉంది. చట్టాన్ని లోపలి నుంచి దెబ్బతీసే సందర్భానికి ‘తూట్లు పొడుచు’ ఉంది గానీ అది పత్రికల గొంతు, పదిహేడో శతాబ్దపు గద్యానికి కాస్త బిగ్గరగా వినబడుతుంది. సంస్థలకూ అధికారానికీ ‘నిర్వీర్యం చేయు’ సరిపోతుంది.

మూలంలో మాట పాతది కనుక తెలుగులోనూ గ్రాంథికపు మాట వేయాలా అని అనువాదకులు అడుగుతుంటారు. వద్దనే నా అభిప్రాయం. థామస్ బ్రౌన్ రాసిన రోజున అది ఆయనకు మూలపడిన మాట కాదు, తన పాఠకులకు అందుతుందనే వాడాడు. మనం అక్కడ పాఠకుడు తడుముకునే మాట పెడితే, మూలంలో లేని పాతదనాన్ని మనమే తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. అయితే ఆయనకు లాటిన్ మాటల మీద మక్కువ ఎక్కువ. ఇంగ్లీషుకు లాటిన్ ఎలాంటిదో తెలుగుకు సంస్కృతం అలాంటిది కాబట్టి, ‘దుర్బలపరచు’, ‘క్షీణింపజేయు’ వంటి తత్సమాలతో ఆ గద్యపు బరువును నిలపవచ్చు. నేను పైన ఆ వాక్యాన్ని తెనిగించినప్పుడు చేసింది అదే.

న్యాయగ్రంథాల పాఠకులకు ఈ కుటుంబంలో మరొక మాట తగులుతుంది. ఇంగ్లీషు న్యాయతత్త్వవేత్త జెరెమీ బెంథామ్ సాక్ష్యం గురించి రాసిన పెద్ద గ్రంథం 1827లో అయిదు సంపుటాలుగా వెలువడింది. దాన్ని పరిష్కరించినవాడు అప్పటికి పడుచువాడైన జాన్ స్టూవర్ట్ మిల్. అందులో ‘ఇన్‌ఫర్మటివ్’ (infirmative) అనే విశేషణం తరచుగా వస్తుంది, అంటే నేరం చేశాడన్న ఊహను బలహీనపరచేది అని. దొంగసొత్తు ఒకరి ఇంట్లో దొరికిందనుకోండి. అతడే దొంగ అన్న ఊహకు అది బలమిస్తుంది. వేరెవరో అతనికి తెలియకుండా అక్కడ దాచి ఉండవచ్చన్న సంభావ్యత ఆ ఊహను తగ్గిస్తుంది. ఆ రెండవదే ‘ఇన్‌ఫర్మటివ్’. సమాచారం ఇచ్చే ‘ఇన్ఫర్మేటివ్’ (informative) అనుకుని చదివితే పేరా అంతా తలకిందులవుతుంది. తెలుగులో దీన్ని ‘బలం తగ్గించే సంభావ్యత’ అని విప్పి చెప్పడమే మేలు. మన హైకోర్టుల తీర్పుల్లో విరివిగా కనబడే ‘ఇన్‌ఫర్మిటీ’ కూడా ఈ వంశానిదే. తీర్పులో ‘లీగల్ ఇన్‌ఫర్మిటీ’ లేదంటే చట్టపరమైన లోపం లేదని అర్థం, న్యాయమూర్తి ఆరోగ్యంతో దానికి పని లేదు.

మీరు స్వయంగా ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ క్రియను వాడకండి. చదివేవారు దాన్ని ‘ఇన్‌ఫామ్’కు అచ్చుతప్పుగానే తీసుకుంటారు, కంప్యూటర్ అయితే అడగకుండానే దిద్దేస్తుంది. శరీరానికి ‘వీకెన్’, వాదనకు ‘అండర్‌మైన్’, పత్రానికి ‘ఇన్‌వాలిడేట్’ ఉన్నాయి. పాత గ్రంథం నుంచి ఉటంకిస్తున్నప్పుడు మాత్రం మూలంలోని వర్ణక్రమాన్ని యథాతథంగా ఉంచండి. తప్పు మాది కాదు, మూలంలోనే ఉందని చెప్పే గుర్తును దాని పక్కన పెట్టకండి, ఎందుకంటే అక్కడ తప్పేమీ లేదు. దానికి బదులు అడుగున ఒక వాక్యం రాయండి: ‘ఇక్కడ ‘ఇన్‌ఫర్మ్’ క్రియ, ఇప్పుడు వాడుకలో లేదు, ఈ వాక్యంలో వాదనను నిలబడకుండా చేయడం అని అర్థం.’ ఆ వాక్యంలో చివరి భాగాన్ని ప్రతి ఉటంకింపుకూ దాని కర్మను బట్టి మార్చి రాయాలి, ఒకసారి రాసినదాన్ని అన్నిటికీ అతికించకూడదు.